నల్లగొండ ఎండకు నిలిచే డ్యాష్‌క్యామ్: ఎంపిక నుంచి ఫ్యూజ్ బాక్స్ దాకా

చిట్యాల దాటినాక సర్వీస్ రోడ్డు మీంచి ఒక ట్రాలీ ఆటో ఇండికేటర్ వేయకుండా హైవే ఎక్కి, నా కారు ఎడమవైపు డోర్లు రెండూ గీసుకుంటూ పోయి ఆగింది. నేను దిగేలోపే డ్రైవరు అందుకున్నాడు: "ఏంది సార్, జర సూస్కొని రావాలె గదా, మీరే మీదికొచ్చిండ్రు." గొడవ పెట్టుకోలేదు. "కెమెరా ఉన్నది తమ్మీ, ఇద్దరం కలిసే చూద్దాం పా" అని ధీమాగా ఫోన్ తీశాను. యాప్‌లో చివరి వీడియో 19 రోజుల కిందటిది. కెమెరా లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. లోపల మెమరీ కార్డు ఎప్పుడో చచ్చిపోయింది, నేను చూసుకోలేదు. నా మొహం చూసి ఆ తమ్ముడికి సంగతి అర్థమైపోయింది. ఇంకో మాట లేకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. డోర్లకు పెయింటింగ్ ఖర్చు నాదే.

అప్పటి నుంచి ఎవరు "ఏ కెమెరా కొనాలన్నా?" అని అడిగినా బ్రాండు పేరుతో మొదలుపెట్టను. కారు అద్దానికి అంటించి రోడ్డును రికార్డు చేసే ఈ డ్యాష్‌క్యామ్‌ను మన దగ్గర చంపేవి రెండు: ఎండ, కార్డు. ఈ రెండూ కుదిరాకే 4కే గురించి మాట్లాడుకోవచ్చు.

మొదట ఎండ సంగతి

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. కలెక్టరేట్ ముందు మూడు గంటలు నీడ లేకుండా కారు ఆపితే స్టీరింగ్ పట్టుకోలేం. కెమెరా ఉండేది అంతకంటే అధ్వాన్నమైన చోట, అద్దానికి అంటుకుని. అందుకే డబ్బా మీద మొదట చూడాల్సింది లోపల లిథియం బ్యాటరీ ఉందా, సూపర్ కెపాసిటర్ ఉందా అన్నది. లిథియం బ్యాటరీ ఇంత వేడికి ఉబ్బుతుంది. ఉబ్బితే కెమెరా ఒళ్ళు విచ్చుకుంటుంది, ఒక్కోసారి ప్రమాదం కూడా. సూపర్ కెపాసిటర్ కరెంటు పోయాక కొన్ని సెకన్లే నిలుస్తుంది, కానీ ఆఖరి ఫైలును సరిగా మూసి పెట్టడానికి అది చాలు. "బ్యాటరీ ఉంటే కారు ఆపినా రికార్డు అవుతుంది కదా" అని అమ్మేవాళ్ళు అంటారు. ఆ చిన్న బ్యాటరీతో అయ్యే రికార్డింగు నిమిషాల లెక్కే, దాని కోసం వేసవిని పణంగా పెట్టొద్దు.

రెండోది, స్పెసిఫికేషన్లలో ఆపరేటింగ్ టెంపరేచర్. కనీసం 60 డిగ్రీలు, వీలైతే 70 ఉన్నది చూడండి. ఆ అంకే రాయని కంపెనీ కెమెరా నాకు వద్దు. స్క్రీను లేని మోడళ్ళకు వేడి పుట్టించే భాగం ఒకటి తక్కువ, పైగా డ్రైవింగ్‌లో కళ్ళు అటు పోవు. వీడియో ఫోన్‌లో చూసుకోవచ్చు.

సెన్సర్ పేరు అడగండి

4కే అంటే అడ్డం 3840, నిలువు 2160 చుక్కలు. గుణిస్తే సుమారు 83 లక్షలు, అంటే 8 మెగాపిక్సెళ్ళ సెన్సర్ కావాలి. సోనీ ఐఎంఎక్స్415, ఐఎంఎక్స్678 ఆ కోవలోవి. ఐఎంఎక్స్335 అయితే 5 మెగాపిక్సెళ్ళు. ఐఎంఎక్స్307 అయితే 2 మెగాపిక్సెళ్ళే, అది నికార్సయిన 1080పి (ఫుల్ హెచ్‌డీ) సెన్సర్. డబ్బా మీద 4కే అని రాసి లోపల 2 మెగాపిక్సెళ్ళ సెన్సర్ పెట్టారంటే బొమ్మను సాగదీస్తున్నారన్నమాట. పాలల్లో నీళ్ళ కథే.

ఐఎంఎక్స్307తో వచ్చే మంచి 1080పి కెమెరా రాత్రిపూట పేరులేని 4కే కన్నా నయం. ఈ సెన్సర్లను సోనీ స్టార్విస్ పేరుతో తక్కువ వెలుతురు కోసమే చేస్తుంది. ఐఎంఎక్స్678 ఆ వరుసలో రెండో తరం, రాత్రి బాగా తిరిగేవాళ్ళు పైసలు పెట్టాల్సింది అక్కడ.

ఒక భ్రమ తీసేసుకోవాలి. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఎదురుగా వచ్చే బండి నంబరును రాత్రి చదవడం కష్టం. 100 స్పీడుతో పోతుంటే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు మీటరు కొంచెం తక్కువ. ఎదురుబండి వేగం కూడా కలిస్తే ఆ ప్లేటు గీతలా సాగుతుంది. దీనికి నేను వాడే మందు పైసా ఖర్చు లేనిది: కెమెరాలో ఆడియో ఆన్ చేసి ఉంచుతాను, ఎవరైనా కట్ కొట్టినా తగిలించినా ఆ నంబరును గట్టిగా చదువుతాను. "టీజీ 05, తెల్ల బొలెరో, నార్కట్‌పల్లి వైపు" అని. మా ఇంటావిడ మొదట్లో నవ్వింది, ఇప్పుడు నాకన్నా ముందు తనే చదువుతోంది.

లెన్సు కోణం 130, 140 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. 170 అంటే రెండు పక్కలూ కనిపిస్తాయి గానీ ముందున్న బండి ఆమడ దూరంలో ఉన్నట్టు చిన్నగా పడుతుంది.

వెనక కెమెరా కావాలా? హైవే మీద తిరిగేవాళ్ళకు కావాలి. టోల్‌గేట్ల దగ్గర, గొర్లమంద అడ్డమొచ్చి సడన్ బ్రేక్ వేసిన చోట, వెనక నుంచి గుద్దేవాళ్ళే ఎక్కువ. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయి. మనం తప్పించుకుంటాం, వెనకవాడు తప్పించుకోడు. క్యాబిన్ లోపలివైపు చూసే మూడో కెమెరా ట్యాక్సీ నడిపేవాళ్ళకు తప్ప అక్కర్లేదు.

కార్డు: అసలు కథ ఇక్కడే

డ్యాష్‌క్యామ్ కార్డును నిండా రాసి, పాతది చెరిపి, మళ్ళీ దానిమీదే రాస్తుంది. రోజూ, గంటల తరబడి. ఫోన్ కోసం చేసిన మామూలు కార్డు ఈ చాకిరీకి ఆగదు. చాలా కంపెనీలు మామూలు కార్డును డ్యాష్‌క్యామ్‌లో వాడితే వారంటీ వర్తించదని షరతుల్లో రాస్తాయి కూడా. "హై ఎండ్యూరెన్స్" అని కార్డు మీదే రాసి ఉన్నది తీసుకోండి. శాన్‌డిస్క్, శాంసంగ్ రెండూ ఈ రకం చేస్తాయి. 4కే కెమెరా అయితే వేగంగా రాయగలదని చెప్పే యూ3 లేదా వీ30 గుర్తు కూడా ఉండాలి.

ఎంత సైజు? 1080పి ఒక్క కెమెరా గంటకు సుమారు 6, 7 జీబీ తింటుంది. 64 జీబీలో తొమ్మిది గంటలు పడుతుంది, అంటే నల్లగొండ నుంచి హైదరాబాదు రెండుసార్లు పోయొచ్చినంత. ముందు 4కే, వెనక 1080పి అయితే గంటకు 20 జీబీ దాటొచ్చు, 128 అయినా ఉండాలి. మీ కెమెరా గరిష్ఠంగా ఎంత కార్డు తీసుకుంటుందో మాన్యువల్‌లో చూసుకోకుండా పెద్దది కొనొద్దు.

సగం ధరకు దొరికే కార్డులు నకిలీవి కావచ్చు. 128 అని రాసి లోపల 16 ఉంటుంది, పదహారు నిండాక రాసిందంతా గాల్లో కలుస్తుంది. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, కార్డు నిండా రాసి తిరిగి చదివి నిజం చెబుతుంది. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

బిగించే ముందు టేబుల్ మీద ఒక పూట

కారులోకి పోకముందే ఇంట్లో ఫోన్ ఛార్జరుకు తగిలించి, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి, ఒక గంట నడపండి. తీసి కంప్యూటర్‌లో ఫైళ్ళు వరసగా ఉన్నాయా, మధ్యలో ఖాళీలున్నాయా చూడండి. అద్దానికి అంటించాక రిటర్న్ పంపడం ఎంత గోసనో పంపినవాళ్ళకే తెలుసు.

అద్దం మీద జాగా

వెనక చూపు అద్దం వెనకాల, ఎడమవైపు ప్యాసింజర్ సైడుకు కొంచెం జరిపి పెట్టడం ఉత్తమం. డ్రైవరు చూపుకు అడ్డు రాదు, రోడ్డు మధ్య నుంచి కనిపిస్తుంది. చిక్కేమిటంటే సరిగ్గా అక్కడే ఫాస్టాగ్ ఉంటుంది. ట్యాగు మీద కెమెరా పెట్టారో, పంతంగి టోల్‌గేటు దగ్గర వెనకవాళ్ళ హారన్లు వినాల్సిందే. దానికి కనీసం నాలుగు వేళ్ళ ఎడం ఇవ్వండి. కారుకు ఏడాస్ (డ్రైవరుకు సాయపడే కెమెరా, సెన్సర్ల ఏర్పాటు) ఉంటే అద్దం పైన దాని కెమెరా ఉంటుంది, దాని ముందుకు వైరు కూడా రాకూడదు.

వైపర్ ఆన్ చేసి అది తుడిచే మేర చూడండి. కెమెరా ఆ మేరలోనే ఉండాలి, లేకపోతే మొదటి వానకే వీడియో నిండా బురద చుక్కలు. అద్దం పైఅంచున నల్ల చుక్కల పట్టీ ఉంటుంది, దాని మీద టేపు సరిగా పట్టదు.

డ్యాష్‌బోర్డు మీద ఏముందో కూడా చూసుకోండి. మనవాళ్ళం చెర్వుగట్టుకో గుట్టకో పోయి పూజ చేయించగానే దేవుడి బొమ్మ, దండ, నిమ్మకాయలు అన్నీ ముందు పెడతాం. మధ్యాహ్నం ఎండకు అవన్నీ అద్దంలో ప్రతిబింబించి వీడియో మధ్యలో తెల్లటి మరకగా పడతాయి. దేవుణ్ణి తీసేయమనను, కొంచెం పక్కకు జరిపి కింద నల్లటి మ్యాట్ వేయండి. సీపీఎల్ ఫిల్టర్ ఉన్న కెమెరా అయితే ఈ మెరుపును చాలావరకు కోస్తుంది, కానీ రాత్రి వెలుతురును కూడా కొంత తినేస్తుంది.

అంటించడం పొద్దున ఎనిమిదిలోపు చేయండి, అద్దం చల్లగా ఉన్నప్పుడు. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో ఆ జాగాను రెండుసార్లు తుడిచి ఆరనివ్వాలి. కంపెనీ ఇచ్చే పారదర్శక స్టిక్కర్ ఉంటే మొదట అది వేసి, దాని మీద టేపు అంటిస్తే రేపు తీసేటప్పుడు గంట సేపు గోకే పని ఉండదు. అంటించి అరనిమిషం గట్టిగా నొక్కండి. కెమెరాను మాత్రం మరుసటి రోజు తగిలించండి, టేపు పట్టు బిగియడానికి ఒక రోజు కావాలి.

వైరు నడపడం

పైన రూఫ్ లైనింగ్ అంచులోకి వైరును వేలితో నెట్టండి, పాత ఏటీఎం కార్డు దొరికితే ఇంకా సులువు. అక్కడి నుంచి పక్కకు పోయి, అద్దానికీ డోరుకీ మధ్య ఉండే పిల్లర్ వెంట కిందికి దించాలి. ఈ ఒక్కచోట తొందర పనికిరాదు. పిల్లర్ కవర్ మీద "ఎయిర్‌బ్యాగ్" అని రాసి ఉంటే లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. వైరు దాని ముందు నుంచి పోతే, అది తెరుచుకునేటప్పుడు అడ్డం పడుతుంది, లేదా వైరే కొరడాలా ఎగురుతుంది. వైరు ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే పోవాలి. ఆ కవర్ విప్పిన అలవాటు లేకపోతే ఈ ఒక్క పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చేయండి, మీరు పక్కనే నిలబడండి. డెకార్స్ షాపులో పిల్లవాడు "ఏం గాదన్నా" అని ముందు నుంచే తోసేస్తుంటే ఆపండి.

కిందికి వచ్చాక డోరు రబ్బర్ బీడింగ్ లోపలి నుంచి తీసుకెళ్ళి, పెడళ్ళ దగ్గర వేలాడకుండా జిప్ టైలతో కట్టాలి. వెనక కెమెరా వైరు కూడా బీడింగుల వెంటే పోతుంది. హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీ డోరుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలోంచి దూర్చాలి, బయట నుంచి లాగితే నలిగి తెగుతుంది. వెనక అద్దం మీది డీఫాగర్ గీతల మీద టేపు అంటించొద్దు, తీసేటప్పుడు గీత ఊడి వస్తుంది.

కరెంటు ఎక్కడి నుంచి

సులువైన దారి 12 వోల్టుల సాకెట్. చాలా కార్లలో తాళం తీయగానే ఆగుతుంది, వారంటీ గొడవ లేదు. రోజూ ఇంట్లో గేటు లోపల కారు పెట్టేవాళ్ళకు ఇది చాలు, నిజానికి సగం మందికి ఇదే చాలు.

రాత్రిళ్ళు వీధిలో కారు పెట్టేవాళ్ళకు కారు ఆపినా రికార్డు చేసే పార్కింగ్ మోడ్ కావాలి. దానికి ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా కరెంటు తెచ్చే హార్డ్‌వైర్ కిట్. దాంట్లో మామూలుగా మూడు వైర్లు: పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే చోటికి, నలుపు బాడీ ఎర్త్‌కు. రంగులు మారొచ్చు, కిట్ మీది అక్షరాలు చూసుకోండి: బీఏటీ, ఏసీసీ, జీఎన్‌డీ.

ఏ వైరూ కోయొద్దు. ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న ముక్క దొరుకుతుంది, పాత ఫ్యూజ్ ఊడదీసి ఆ జాగాలో దీన్ని గుచ్చి, పాత ఫ్యూజునూ మన కెమెరా ఫ్యూజునూ దీంట్లో పెట్టాలి. ఫ్యూజుల సైజులు వేరువేరు, మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2 అని. మీ కారు ఫ్యూజ్ ఒకటి పట్టుకుని షాపుకు పోండి. కెమెరా వైపు 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి.

ఎరుపుకు సాకెట్ ఫ్యూజ్, పసుపుకు రూమ్ లైటు ఫ్యూజ్ లాంటివి బాగుంటాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, స్టీరింగ్, ఇంజిన్ ఈసీయూ ఫ్యూజుల జోలికి పోవద్దు. ఏది ఏదో ఫ్యూజ్ బాక్స్ మూత వెనకాలో మాన్యువల్‌లోనో బొమ్మ ఉంటుంది, టెస్ట్ ల్యాంపుతో ఖాయం చేసుకోండి.

ట్యాపును ఏ వైపు తిప్పి గుచ్చాలన్నది చాలామంది వదిలేస్తారు. పరీక్ష సులువు: అంతా బిగించి కెమెరా వెలిగాక, ట్యాపులోంచి పాత ఫ్యూజును ఊడదీయండి. కెమెరా ఇంకా వెలుగుతుంటే సరైన వైపే గుచ్చారు. ఆరిపోతే దాని కరెంటు కూడా పాత ఫ్యూజు మీంచే పోతోందన్నమాట, ట్యాపును తిప్పి గుచ్చండి. నలుపు వైరును పెయింటు లేని ఇనుప బోల్టుకు బిగించాలి. పెయింటు మీద బిగిస్తే కెమెరా గతుకు గతుకుకూ ఆరి వెలుగుతుంది.

బ్యాటరీ దిగిపోతుందేమో అన్న భయం సహజం. పార్కింగ్ మోడ్‌లో 0.3 ఆంపియర్లు లాగే కెమెరా పది గంటల్లో 3 ఆంపియర్ అవర్లు తింటుంది. చిన్న కారు బ్యాటరీ 35 అనుకుంటే ఒక రాత్రికి ఇబ్బంది లేదు, పెళ్ళికని పోయి నాలుగు రోజులు వదిలేస్తే ఉంటుంది. కిట్‌లో కటాఫ్ వోల్టేజ్ మీట ఉంటుంది, బ్యాటరీ అంతకు దిగగానే కెమెరాను ఆపేస్తుంది; 12.2 దగ్గర పెట్టండి. బ్యాటరీ మూడేళ్ళు దాటితే 12.4.

సెట్టింగులు

జీ సెన్సర్‌ను "లో"కు దించండి. ఇది మన రోడ్ల కోసం. కుదుపు తగలగానే కెమెరా ఆ ఫైలును యాక్సిడెంట్ అనుకుని చెరపకుండా లాక్ చేస్తుంది. ఊరూరికీ ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద, "హై"లో పెడితే దేవరకొండ పోయొచ్చేసరికి కార్డు సగం లాక్ ఫైళ్ళే. అవి నిండితే కొత్త వీడియోకు జాగా ఉండదు.

ఒక్కో ఫైలు నిడివి 1 నిమిషం చాలు, ఒకటి పాడైనా పోయేది నిమిషమే. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, లేకపోతే వీధి లైట్లు మినుకుమంటాయి. టైమ్‌జోన్ ప్లస్ 5:30. జీపీఎస్ ఉన్న కెమెరా గడియారాన్ని తనే సరిచేసుకుంటుంది, లేనిదాన్ని నెలకోసారి మీరు సరిచేయాలి. తేదీ తప్పుగా ఉన్న వీడియో చేతిలో ఉండి కూడా, ఎదుటివాళ్ళకు మొదటి ప్రశ్న మీరే అందించినట్టు. ఎక్కువ వెలుగు, నీడ రెండింటినీ సరిచేసే డబ్ల్యూడీఆర్ ఆన్‌లో ఉంచండి, సాయంత్రం నార్కట్‌పల్లి నుంచి హైదరాబాదు వైపు పోతే సూర్యుడు సరిగ్గా అద్దంలోనే ఉంటాడు. రాత్రి ముందు బండి నంబరు ప్లేటు తెల్లగా వెలిగిపోతుంటే ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించి చూడండి.

నెలకోసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. నేను ఆదివారం కారు కడిగినప్పుడల్లా ఫోన్‌లో చివరి ఫైలు తేదీ చూస్తాను. అర నిమిషం పని. ఆ 19 రోజుల పాఠం అది.

జరగరానిది జరిగితే

ముందు మనుషులు. 108కి, హైవే మీదైతే 1033కి ఫోన్ చేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం దెబ్బలు తగిలినవాళ్ళకు వైద్యం అందేలా చూడటం, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపడం డ్రైవరు బాధ్యత. కెమెరా సంగతి ఆ తర్వాత.

అప్పుడు లాక్ బటన్ నొక్కి, కెమెరాకు కరెంటు ఆపి, కార్డు తీసి జేబులో పెట్టుకోండి. రికార్డింగు అలాగే నడవనిస్తే, లాక్ పడని అసలు ఫైలు మీదే కొత్తది రాసుకునే ప్రమాదం ఉంది. వీడియోను వాట్సాప్‌లో పంపి అదే సాక్ష్యమనుకోవద్దు, అది నాణ్యతను కుదించి తేదీ వివరాలను కూడా రాలుస్తుంది. కత్తిరించొద్దు, గుండ్రాలు, బాణాలు గీయొద్దు. కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని అసలు కార్డును కవర్‌లో వేసి పక్కన పెట్టండి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 65బి. కాపీని కోర్టులో పెట్టాలంటే దానితోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలు, ఒకటి పరికరం వాడినవాళ్ళు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్, కూడా రాయాలి. ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది, అసలు ఫైలును ముట్టుకోవద్దనడం అందుకే. మిగతాది మీ వకీలు చూసుకుంటాడు. స్టేషన్‌కు పోకముందే గ్రూపుల్లో వీడియో పెట్టే ఉబలాటం మాత్రం ఆపుకోండి, ఎదుటివాడి మొహం, ఇంట్లోవాళ్ళ మాటలు అన్నీ అందులోనే ఉంటాయి.

కారు సర్వీసింగుకు ఇచ్చే రోజు కూడా కార్డు తీసి దగ్గర పెట్టుకుంటాను, అదే కారణం. గ్లవ్ బాక్సులో ఒక చిన్న కవర్‌లో రెండో ఎండ్యూరెన్స్ కార్డు, ఫార్మాట్ చేసి సిద్ధంగా ఉంటుంది. యాక్సిడెంట్ కార్డు జేబులోకి పోయాక ఇంటిదాకా పోయే దారి కూడా రికార్డు కావాలి కదా.